వెల్డర్ అర్హత పత్రం చదవడం – 6వ పాఠం: మందం గడి, బ్యాకింగ్ గడి, సంతకం గడి

ఈ పాఠంలో ఎక్స్‌రే ఫలితాలను చదవడం నేర్చుకుందామని ముందుగా అనుకున్నాను. అయితే గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివిన తరువాత దానిని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. నేను అడిగిన ప్రశ్న ఇది. ఒక వెల్డరు 6 అంగుళాల షెడ్యూల్ 80 (షెడ్యూల్ అంటే పైపు గోడ మందాన్ని తెలిపే అంకె) కార్బన్ స్టీల్ పైపు మీద, 6జీ పొజిషన్‌లో, అంటే పైపును వాలుగా కదలకుండా బిగించి, టెస్టు ఇచ్చాడు. రూట్‌నూ (రెండు ముక్కల మధ్య గాడి అడుగున పడే మొదటి వరుస) హాట్ పాస్‌నూ (దాని మీది రెండో వరుస) ఆర్గాన్‌తో, అంటే ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే టిగ్ వెల్డింగ్‌తో వేసి, మిగిలిన ఫిల్లింగ్ (గాడి నింపడం), క్యాపింగ్ (పై వరుస) అంతా 7018 అనే ఆర్క్ వెల్డింగ్ రాడ్డుతో పూర్తి చేశాడు. అతను ఏయే పనులకు అర్హుడో చెప్పే అర్హత పత్రంలో ఏఎస్‌ఎంఈ తొమ్మిదో సెక్షన్ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంస్థ వెల్డింగ్ అర్హత నియమాలు; ఈ పాఠంలో కోడ్ అంటే ఇదే) ప్రకారం మందం గడిలో, బ్యాకింగ్ గడిలో ఏమి రాయాలి?

ఎక్కువమంది 21.94 మి.మీ. అని రాశారు. పైపు గోడ మందం 10.97 మి.మీ. కాబట్టి దానికి రెండింతలు అన్న లెక్క అది. ఈ పొరపాటుకు మూలం నా నాలుగో పాఠంలోనే ఉంది. "కూపన్ మందానికి రెండింతల వరకు అర్హత" అని అక్కడ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను; కూపన్ అంటే టెస్టు కోసం వెల్డ్ చేసే ముక్క. కూపన్ మొత్తాన్ని ఒకే ప్రాసెస్‌తో (వెల్డింగ్ పద్ధతితో) నింపినప్పుడు ఆ వాక్యం నిజమే కాని, రెండు ప్రాసెస్‌లు కలిసినప్పుడు అది నిలవదు. కోడ్ లెక్కపెట్టేది పైపు గోడను కాదు, ఆ వెల్డరు ఒక్కొక్క ప్రాసెస్‌తో గాడిలో నింపిన లోహపు మందాన్ని. ఆర్గాన్‌తో నింపినది 4 మి.మీ. అనుకుంటే ఆర్గాన్‌కు 8 మి.మీ. వరకు అర్హత వస్తుంది. 7018తో నింపిన మిగతా 6.97 మి.మీ.కి 13.94 మి.మీ. వరకు వస్తుంది. పత్రంలో ఇవి రెండు వేర్వేరు వరుసల్లో, వేర్వేరు అంకెలుగా ఉండాలి.

ఇది కాగితం మీది తేడా మాత్రమేనని కొందరికి అనిపించవచ్చు. ఆ వెల్డరుకే తరువాత 18 మి.మీ. గోడ ఉన్న లైను ఇచ్చారనుకోండి. రూట్, హాట్ పాస్ కలిపి 3 మి.మీ. ఆర్గాన్‌తో వేశాడు, మిగిలిన 15 మి.మీ. 7018తో నింపాడు. పత్రంలో 21.94 అని రాసి ఉంటే ఎవరికీ అనుమానం రాదు. అసలు అర్హత 13.94 అని ఆడిట్‌లో తేలిన రోజున మాత్రం అతను వేసిన ప్రతి జాయింటూ ప్రశ్నార్థకమవుతుంది. అతని చేతిపనిలో ఏ లోపమూ లేకపోయినా జాయింట్ల జాబితా బయటికి తీసి ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఆ జాబితాతో కూర్చున్న సీనియర్ వెల్డర్లను నేను చూశాను. చేతిలో అంత పనితనం ఉన్నవాడు ఒక గడిలోని తప్పు అంకెకు తలవంచుకోవడం న్యాయం కాదు. ఈ పాఠాలు మొదలుపెట్టడానికి అదే కారణం.

ఇంకొందరు మందానికి పరిమితి లేదని రాశారు. 6జీ అన్నిటికన్నా కఠినమైన పొజిషన్ కాబట్టి అది అన్నిటికీ వర్తిస్తుందని వారి వాదన. పైపును 45 డిగ్రీల వాలులో, తిప్పకుండా బిగించి చేసే ఆ పరీక్ష పొజిషన్ల విషయంలో నిజంగానే అన్నిటినీ కలుపుకుంటుంది. కాని మందానికీ వ్యాసానికీ పొజిషన్‌తో సంబంధం లేదు. మందానికి పరిమితి తొలగాలంటే ఆ ప్రాసెస్‌తో నింపిన లోహం కనీసం 13 మి.మీ. ఉండాలి, అది కనీసం మూడు లేయర్లలో పడి ఉండాలి. వ్యాసం మాటకొస్తే, 6 అంగుళాల పైపు మీద ఇచ్చిన టెస్టు 73 మి.మీ., అంతకు మించిన బయటి వ్యాసాలకు మాత్రమే చెల్లుతుంది. 2 అంగుళాల పైపు బయటి వ్యాసం 60.3 మి.మీ. కాబట్టి దాని మీద ఇచ్చిన టెస్టు 25 మి.మీ. నుంచి పైకి చెల్లుతుంది. ఎంచుకునే అవకాశం ఉంటే నేను ఎప్పుడూ 2 అంగుళాల డబుల్ ఎక్స్‌ట్రా స్ట్రాంగ్ పైపునే అడగమంటాను. దాని గోడ 11.07 మి.మీ.; చిన్న వ్యాసం, తగినంత మందం, రెండూ ఒకే కూపన్‌లో దొరుకుతాయి. చేయి తిప్పుకోవడానికి చోటు తక్కువగా ఉంటుందన్నది వాస్తవమే అయినా ఆ కష్టం ఒక్క రోజుదే.

ఆర్గాన్ మందం 4 మి.మీ. అని ఎలా తెలుస్తుందని ఇద్దరు అడిగారు. హాట్ పాస్ అయ్యాక బ్రష్ చేసి, గాడిలో మిగిలిన లోతును వెర్నియర్ తోకతో నాలుగు చోట్ల కొలిచి, గోడ మందంలోంచి తీసివేయండి. ఆ అంకెను చాక్‌పీసుతో పైపు మీదే రాసి ఇన్‌స్పెక్టరుకు చూపించడం నా అలవాటు. పైన 7018 పడిన తరువాత దానిని కొలిచే దారి ఉండదు.

ఇక బ్యాకింగ్ గడి. మీ జవాబుల్లో సగానికి పైగా ఆ గడిలో "బ్యాకింగ్ లేదు" అని ఒకే ముక్క రాసి ముగించాయి. పని స్థలాల్లోని పత్రాల్లోనూ నేను తరచుగా చూసే తప్పు ఇదే కనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. బ్యాకింగ్ అనగానే మనకు పైపు లోపల పెట్టే రింగో, ప్లేటు వెనుక పెట్టే పట్టీయో గుర్తుకు వస్తుంది; అవి లేవు కాబట్టి బ్యాకింగ్ లేదనుకుంటాం. కోడ్ దృష్టిలో అప్పటికే వేసిన వెల్డ్ లోహం కూడా బ్యాకింగే. ఆర్గాన్ రూట్ వేసిన వెల్డరు తెరచి ఉన్న గ్యాప్ మీద, కింద ఏ ఆధారమూ లేకుండా కరిగిన లోహాన్ని నిలబెట్టాడు. కాబట్టి ఆర్గాన్ వరుసలో "బ్యాకింగ్ లేకుండా" అని రాయడం సరైనది. అదే వెల్డరు 7018 రాడ్డు పట్టుకునేసరికి గ్యాప్ మూసుకుపోయి ఉంది, కింద ఆర్గాన్ లోహం గట్టి నేలలా సిద్ధంగా ఉంది. రాడ్డుతో రూట్ వేయగలడని ఆ కూపన్ ఎక్కడా నిరూపించలేదు. అందువల్ల ఆర్క్ వరుసలో "బ్యాకింగ్‌తో" అనే రాయాలి.

దీని పర్యవసానం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ఆ వెల్డరును వేరే లైనులో 6010 రాడ్డుతో రూట్ వేయమన్నారు. అతను ఆర్క్‌లో పాసయ్యాడు, 6జీ పాసయ్యాడు, రాడ్డు గ్రూపుల్లో 7018 పై మెట్టు, 6010 కింది మెట్టు కాబట్టి కుదురుతుందని సూపర్‌వైజరు అనుకుంటాడు. పై మెట్టు రాడ్డు కింది మెట్టు రాడ్డుకు అర్హత ఇచ్చేది బ్యాకింగ్ ఉన్నప్పుడే. తెరచిన గ్యాప్ మీద 6010తో వేయడానికి అతనికి అర్హత లేదు, మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే. రెండో ఉదాహరణ ప్లేటుది: రెండు వైపులా వెల్డ్ చేసే జాయింటులో రెండో వైపుకు మొదటి వైపు లోహమే ఆధారం కాబట్టి కోడ్ ఆ టెస్టును కూడా బ్యాకింగ్ ఉన్నదానిగానే లెక్కిస్తుంది. యూరప్ పనుల్లో వాడే వెల్డరు అర్హత ప్రమాణం ఐఎస్ఓ 9606-1లో సంకేతాలు వేరైనా ఆలోచన ఇదే. బ్యాకింగ్ లేకుండా పాసైనవారు బ్యాకింగ్‌తో వేయవచ్చు. బ్యాకింగ్‌తో పాసైనవారు అది లేకుండా వేయకూడదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ "ఈ రాడ్డు మొదటి చుక్క పడినప్పుడు కింద ఏముంది?" అని ప్రశ్నించుకోండి, గాలి ఉంటే బ్యాకింగ్ లేదు, ఇనుము ఉంటే ఉంది.

పత్రం అడుగున ఉండే సంతకాల గురించి కూడా ప్రశ్నలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన సంస్థే కూపన్ వేయించి, పరీక్షించి, "ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం అర్హుడు" అని పత్రం ఇచ్చిందని, కంపెనీ దానిని ఒప్పుకోలేదని ఒక పాఠకుడు బాధపడుతూ రాశారు. ఆ కంపెనీ చేసింది కోడ్ ప్రకారం సరైనదే. తొమ్మిదో సెక్షన్ వెల్డరు అర్హత బాధ్యతను వెల్డింగ్ పని చేయించే సంస్థ మీదే పెట్టింది. కూపన్ తయారీని, బెండ్ టెస్టును, ఎక్స్‌రేను బయటివారికి అప్పగించవచ్చు కాని, టెస్టు వెల్డింగ్ జరుగుతున్నప్పుడు ఉండవలసిన పర్యవేక్షణను అప్పగించకూడదు. ప్రాసెస్ పైపింగ్ కోడ్ బీ31.3 మాత్రం తగిన ఆమోదం ఉంటే పాత యజమాని దగ్గర ఇచ్చిన టెస్టును కొత్త యజమాని అంగీకరించే వీలు కల్పించింది. వెల్డరు వెంట తీసుకుపోగల పత్రం కావాలంటే అమెరికన్ వెల్డింగ్ సొసైటీ సర్టిఫైడ్ వెల్డర్ లాంటి పథకాలు ఉన్నాయి. వాటి పరీక్ష గుర్తింపు పొందిన కేంద్రాల్లో జరుగుతుంది. యూరప్‌లో ప్రెషర్ పరికరాల చట్టం 2014/68/ఈయూ రెండో ప్రమాద తరగతి నుంచి పైకి వెల్డర్ల ఆమోదాన్ని తయారీదారుకు వదలకుండా థర్డ్ పార్టీకే అప్పగించింది. నేర్పినవారు, పనిచేయించుకునేవారు కాకుండా మూడో మనిషి తూచాలన్న నియమం అది. పాసయితే లాభం, ఫెయిలయితే నష్టం లేని మనిషి చూపుకే విలువ ఉంటుంది.

అయితే మూడో మనిషి సంతకం ఉన్నంత మాత్రాన మూడో మనిషి చూసినట్టు కాదు. నేను పనిచేసిన ఒక చోట ఇన్‌స్పెక్టరు క్యాపింగ్ అయిపోయాక వచ్చి, వరుసగా పేర్చిన కూపన్ల మీద సంతకాలు పెట్టి వెళ్లారు. రెండు కూపన్ల మీద వెల్డరు స్టాంపు నంబరు టెస్టు తరువాత కొట్టారని నాకు తెలుసు. ఆ రోజు నేను నోరు విప్పలేదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఫిటప్ దశలోనే (ముక్కలను జతచేసి అమర్చేటప్పుడే) మీ నంబరు కూపన్ రెండు ముక్కల మీదా పడాలి, పైపు 12 గంటల స్థానం గుర్తు పెట్టాలి, రూట్ అయ్యాక ఇన్‌స్పెక్టరు లోపలికి టార్చి వేసి చూడాలి. వీటిని మీరే మర్యాదగా అడగండి. "సార్, రూట్ చూసి చెప్పండి, తరువాతే హాట్ పాస్ వేస్తాను" అంటే ఏ మంచి ఇన్‌స్పెక్టరూ తప్పు పట్టరు.

ఆరు నెలల నియమం గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక ప్రాసెస్‌తో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రాసెస్ అర్హత పోతుంది, రెండోది నిలుస్తుంది. కోల్పోయినదాన్ని ఏదో ఒక కూపన్ మీద, ఏ పొజిషన్‌లోనైనా మళ్లీ పాసయి తిరిగి తెచ్చుకోవచ్చు. ఏ తేదీన ఏ జాయింటు, ఏ ప్రాసెస్‌తో వేశారో సొంత నోటుపుస్తకంలో రాసుకోండి. కంపెనీ రికార్డు పోవచ్చు.

ఈసారి అభ్యాసం కఠినంగా ఉంటుంది, రెండు సాయంత్రాలు కేటాయించండి. 6 అంగుళాల షెడ్యూల్ 160 పైపు, గోడ 18.26 మి.మీ., పొజిషన్ 6జీ, ఆర్గాన్‌తో 5 మి.మీ., మిగిలినది 7018తో అయిదు లేయర్లు, కింది నుంచి పైకి. ముందు ఈ వెల్డరు పత్రంలో రెండు ప్రాసెస్‌లకూ మందం, వ్యాసం, బ్యాకింగ్, పొజిషన్ గడులు నింపండి. తరువాత అతనికి మూడు పనులు వచ్చాయి: 2 అంగుళాల షెడ్యూల్ 40 పైపు పూర్తిగా ఆర్గాన్‌తో, 10 అంగుళాల పైపుకు 6010తో రూట్, 25 మి.మీ. గోడ ఉన్న 12 అంగుళాల పైపుకు 3 మి.మీ. ఆర్గాన్, మిగిలినది 7018. ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో, అడ్డుపడిన గడి ఏదో ఒక్కొక్క వాక్యంలో రాయండి. చివరగా అతను ఆర్గాన్ ముట్టుకుని ఏడు నెలలు అయిందనీ, ఆర్క్ మాత్రం ప్రతి వారం వేస్తున్నాడనీ అనుకుని, ఆ మూడు జవాబుల్లో ఏవి మారతాయో మళ్లీ చూడండి. మీ చేతిలో సొంత అర్హత పత్రం ఉంటే దాని మీదా ఇదే కసరత్తు చేయండి, పేరు, నంబరు కొట్టివేసి పంపితే నేను చదివి చెబుతాను. వచ్చే పాఠంలో ఎక్స్‌రే ఫిల్ములు చదవడం మొదలుపెడదాం.