పియాజే దశలు గుర్తుండాలంటే మూడు గ్లాసులు తియ్యండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు టెట్‌కి చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పిల్లల ఆలోచన వయసుతోపాటు ఎలా ఎదుగుతుందో మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశల్ని బట్టీ పట్టకండి. ఇంట్లోనో పక్కింట్లోనో ఐదేళ్ల పిల్ల ఉంటే కూర్చోబెట్టండి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, రెండూ సమానమేనని ముందు పిల్ల చేతే అనిపించండి. తర్వాత తన కళ్లముందే ఒకదాంట్లో నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపి, "ఇప్పుడెందులో ఎక్కువున్నాయమ్మా?" అని అడగండి. చాలామంది పొడుగు గ్లాసే చూపిస్తారు. ఎత్తు చూస్తారు, వెడల్పు తగ్గిందని పట్టించుకోరు. ఇలా కంటికి కనిపించినదాన్నే నమ్మి, మనసులో వెనక్కి తిప్పి ఆలోచించలేని దశే పూర్వ ప్రచాలక దశ, 2–7 ఏళ్లు. ఎనిమిదేళ్ల పిల్లలు మాత్రం "తిరిగి పోస్తే అంతేగా!" అనేస్తారు. కళ్లముందున్న వస్తువుల గురించి అలా తర్కంగా ఆలోచించగలిగేది మూర్త ప్రచాలక దశ, 7–11 ఏళ్లు. వయసులు కాస్త అటూ ఇటూ అవుతాయి, కంగారు పడకండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పిల్లల్ని ఇంటి భాషలోనే అడగండి. ఒడియా ప్రశ్న అర్థంకాక తడబడిన పిల్లని కింది దశలో వేసేయడం చాలా అన్యాయం. జవాబు రాగానే "ఎందుకలా?" అని కూడా అడిగి, పిల్ల చెప్పిన మాట చెప్పినట్టే నోట్సులో రాసుకోండి.