పాపనీ పెంపుడు కుక్కనీ ఒకే ఫొటోలో తీయాలంటే

ఈ ఫొటో చెడిపోయేది కెమెరా వల్ల కాదు. కుక్కని పట్టి కూర్చోబెట్టి, పాప చెయ్యి దాని మెడ చుట్టూ వేయించి, ఇంటిల్లిపాదీ వెనకాల నిలబడి "ఇటు సూడు, ఇటు సూడు" అని తలో దిక్కునుంచీ కేకేస్తారు. కుక్క మొహం తిప్పుకుంటుంది, పాప ఏడుపు అందుకుంటుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేకుండానే రెండూ ఒకచోట ఉండేలా చోటూ, వెలుగూ, టైమూ ముందే చూసిపెట్టుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి, కొన్నాళ్లుగా ఇంట్లోనే పెరుగుతున్న కుక్కకి వర్తిస్తుంది. నిన్న తెచ్చిన కుక్కతోనూ, వీధిలో అన్నం పెట్టే కుక్కతోనూ ఈ ప్రయత్నం వద్దు. ఇంకా కూర్చోలేని పసిబిడ్డయితే తల్లి ఒళ్లోనే ఉండాలి, కుక్క తల్లి పక్కన ఉండాలి. నేల మీద చాప వేసి బిడ్డని కుక్క పక్కన పడుకోబెట్టకూడదు.

మనుషులు ముగ్గురు కావాలి. ఒకరు ఫొటో తీసేవాళ్లు. ఒకరు పాపకి, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో, ఫ్రేముకి కాస్త బయట. ఒకరు కుక్కకి, అది రోజూ ఎవరి మాట వింటుందో వాళ్లు. పిలిచేది వీళ్లిద్దరిలో ఒకరే. మిగతా అత్తలూ మామయ్యలూ లోపల టీ తాగుతూ ఉంటే మంచిది. ఇది మొహమాటానికి పోయే విషయం కాదు. ఆరుగురు పిలిస్తే పాపా కుక్కా ఆరు వైపులా చూస్తాయి, ఒక్క ఫొటోలోనూ చూపు కుదరదు.

ముందు రోజు పనులు

కుక్కకి స్నానం ముందు రోజే చేయించండి. అదే రోజు చేయిస్తే చిరాగ్గా ఉంటుంది, సందు దొరికితే మట్టిలో దొర్లుతుంది. బొచ్చు కూడా పూర్తిగా ఆరక అట్టలు కట్టినట్టు కనిపిస్తుంది. ఫొటోకి ముందు తడి దూదితో కళ్ల పుసి తుడిస్తే చాలు. రేబిస్ టీకా, ఏటా వేయించే బూస్టరూ తేదీ దాటిపోలేదని చూసుకోండి. గోళ్లు పెరిగి ఉంటే తీయించండి, ఆటలో గీసుకునేది అవే.

పాపకి తెల్లబట్టలు వద్దు, ముఖ్యంగా కుక్క నల్లదయితే. తెలుపుకి సరిపోయేలా కెమెరా వెలుగు తగ్గిస్తే కుక్క మసిముద్దలా వస్తుంది, కుక్కకి సరిపోయేలా పెంచితే గౌను తెల్లగా కాలిపోతుంది. పసుపు, ఇటుక రంగు, ఆకుపచ్చ లాంటి మధ్యరకం రంగులు రెండింటికీ సర్దుకుంటాయి. మొహానికి పౌడరు దట్టంగా కొట్టకండి, ఫొటోలో బూడిద పూసినట్టు పడుతుంది. దిష్టిచుక్క ఉండనివ్వండి, దాని గురించి మామ్మతో తగవు పెట్టుకునేంత పనేం లేదు. మువ్వల పట్టీల సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. కొన్ని కుక్కలు ఆ చప్పుడుకి చెవులు నిక్కించి చక్కగా చూస్తాయి, కొన్ని ఆ కాళ్ల వెంటే పడతాయి. మీ కుక్క రెండో రకమైతే పట్టీలు తీసేయండి.

చోటూ వెలుగూ

అన్నిటికంటే మంచి చోటు మీ ఇంటి వసారాయే. కుక్కకి అలవాటైన నేల, పాపకి భయం లేని చోటు. ఎండ నేరుగా పడని అంచు దగ్గర, బయటి వెలుగు వైపు మొహాలు పెట్టి ఇద్దరినీ కూర్చోబెట్టండి. గదిలో తీయాలంటే గుమ్మానికో కిటికీకో మూడు, నాలుగు అడుగుల దూరంలో, వెలుగు ఒక పక్కనుంచి పడేలా చూసుకోండి. రెండో పక్క చీకటిగా ఉంటే ఉతికిన తెల్ల పంచె ఒకటి కుర్చీ మీద ఆరేసినట్టు వేయండి, నీడ మెత్తబడుతుంది. థర్మోకోల్ షీటు కూడా ఆ పని చేస్తుంది గానీ, దాన్ని జరిపితే వచ్చే కీచు చప్పుడుకి చాలా కుక్కలు లేచిపోతాయి.

పైన లైట్లు ఆపేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. కంటికి తెలియదు గానీ, వేగమైన షట్టరుతో తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. నీలం టార్పాలిన్ కింద, రంగుల షామియానా కింద, ముదురు ఆకుపచ్చ గోడ పక్కన తీయకండి. ఆ రంగు మొహాల మీదికి ఎక్కుతుంది, తర్వాత ఎంత దిద్దినా సరిగా పోదు.

తోటలో తీయాలనుకునేవాళ్లకి ఒక మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్టు కింద ఫొటో అందంగానే ఉంటుంది, కానీ పైన ముదురు కాయలున్న చెట్టు కింద పాపని కూర్చోబెట్టకూడదు. జీడిచెట్టు, మామిడిచెట్టు నీడ మంచిదే. ఆకుల సందుల్లోంచి మొహం మీద ఎండ మచ్చలు పడకుండా, చెట్టు నీడ చిక్కగా ఉన్న భాగం చూసుకోవాలి.

కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి సముద్రపొడ్డున తీసేటప్పుడు చాలామంది పొరపడేది టైము దగ్గరే. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. పొద్దున్నే సముద్రం వెనక పడేలా తీస్తే వెలుగు వెనకనుంచి వచ్చి మొహాలు నల్లబడతాయి. సముద్రం వెనక కనపడుతూ మొహాలు కూడా వెలగాలంటే సాయంత్రం ఆఖరి గంట. అప్పుడు ఎండ పడమటి నుంచి, అంటే మీ వీపు వెనకనుంచి, వాళ్ల మొహాల మీద పడుతుంది. పొద్దున్నే కావాలంటే సూర్యుడు లేవడానికి ముందు ఇరవై నిమిషాల మెత్తటి వెలుగు వాడుకోండి. వేసవిలో ఇక్కడ అయిదున్నరకే ఎండ వచ్చేస్తుంది కాబట్టి అయిదింటికే అక్కడుండాలి. పగటి ఇసుక కుక్క పాదాలు కాలుస్తుంది. మీ అరచేయి వెనకభాగం ఇసుక మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని నడిపించకండి. అలలకి దూరంగా పొడి ఇసుక మీదే ఉండండి, గొలుసు విప్పకండి. నాగావళి నది ఒడ్డయినా అంతే. వీధికుక్కల గుంపు దగ్గరికొస్తే మీ కుక్క ఎంత నెమ్మదిదైనా పాపని మర్చిపోతుంది. సన్నటి తాడు కట్టి, కుక్క చూసుకునే మనిషి ఫ్రేము బయట దాన్ని వదులుగా పట్టుకుంటే, ఫొటోలో పడిన ఆ కాస్త ముక్కా తర్వాత స్నాప్‌సీడ్ అనే ఫొటోలు దిద్దే యాప్‌లో చెరిపేయొచ్చు. విజయనగరంలో జనం కిక్కిరిసే సిరిమానోత్సవం రోజుల్లో కోట దగ్గరకి, గంటస్తంభం దగ్గరకి కుక్కని తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోకండి.

కెమెరా, ఫోను

కెమెరా ఉన్నవాళ్లకి: షట్టరు వేగం సెకనులో 1/500 వంతు, కుదురుగా కూర్చుంటే 1/250కి తగ్గొచ్చు. అపర్చర్ (లెన్సు లోపల వెలుగు వచ్చే కంత) ఎఫ్/5.6. ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి పైహద్దు 3200. వెనకంతా మసకగా వస్తుందని ఎఫ్/1.8 ఆశ చాలామందికి ఉంటుంది. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) ఉన్న కెమెరా మీద 50 ఎంఎం లెన్సుతో రెండు మీటర్ల నుంచి తీస్తే ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. లాబ్రడార్ ముక్కు నుంచి కంటి దాకానే అందులో చాలా భాగం అయిపోతుంది, పాప మొహం మసకబారుతుంది. ఎఫ్/5.6లో అది 30 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు కూడా రెండు మొహాలూ కెమెరాకి సమాన దూరంలో ఉండాలి. కంటి ఫోకస్‌లో మనిషి, జంతువు అని విడివిడిగా ఉంటే మనిషి కన్నే ఎంచుకోండి. కుక్క కాస్త మెత్తబడినా చూసేవాళ్లు పట్టించుకోరు, పాప కన్ను మసకైతే ఆ ఫొటో పనికిరాదు.

ఫోనయితే ముందు లెన్సు తుడవండి. పిల్లలున్న ఇంట్లో ఫోను లెన్సు మీద కొబ్బరినూనె వేలిముద్ర ఉండకుండా ఉండదు, ఫొటో మంచు పట్టినట్టు వచ్చేది దానివల్లే. 2ఎక్స్ జూమ్ పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. 1ఎక్స్‌లో దగ్గరికి వెళ్తే కుక్క ముక్కు తలకంటే పెద్దగా కనపడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, చెవుల అంచులూ మీసాలూ కోసేస్తుంది. నైట్ మోడ్ అసలే వద్దు, తోక రెండుగా పడుతుంది. పాప మొహం మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. వరసగా ఫొటోలు తీసే బరస్ట్ ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉంటుంది. కొన్నిటిలో షట్టర్ బొత్తాన్ని పక్కకో కిందకో లాగాలి, కొన్నిటిలో నొక్కి పట్టుకుంటే వీడియో మొదలైపోతుంది. ఇది ముందు రోజే చూసుకోవాల్సిన విషయం.

ఫ్లాష్ ఆపేయండి. కుక్క కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మండుతున్నట్టు వస్తాయి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే మన ఉక్కకి లెన్సు చెమ్మగిల్లుతుంది, అరగంట ముందే కెమెరాని సంచీతో సహా వసారాలో పెట్టేయండి.

తీసేటప్పుడు

పాప నిద్రలేచి, తిని, ఆడుతున్న గంటలో తీయండి. కుక్కని అరగంట ముందు తిప్పి తీసుకొచ్చి, నీళ్లు తాగించి, రొప్పు తగ్గనివ్వండి. ముందు కుక్క వచ్చి కూర్చోవాలి, తర్వాత పాప. కుక్క వెనక గోడ, ముందు పాప అన్నట్టు ఎప్పుడూ పెట్టకండి. లేచి పోవడానికి ఒక పక్క దారి ఉండాలి. దారి ఉందని తెలిస్తేనే అది కుదురుగా కూర్చుంటుంది.

ఇద్దరి మధ్య జానెడో మూరెడో ఖాళీ ఉండనివ్వండి. 2ఎక్స్‌తో కాస్త పక్కనుంచి తీస్తే ఫొటోలో ఆ ఖాళీ తగ్గి ఇద్దరూ ఆనుకున్నట్టే కనిపిస్తారు. పెద్ద కుక్క కూర్చుంటే తల పాప తలకంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి పాపని పీట మీద కూర్చోబెట్టండి, లేదా నిలబడనివ్వండి. పమేరియన్ లాంటి చిన్నదైతే పాపని చాప మీద బోర్లా పడుకోబెడితే మొహాలు ఒక ఎత్తుకి వస్తాయి. మీరు కూడా నేల మీద బోర్లా పడుకోవాల్సిందే. నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫొటోలో రెండు నడినెత్తులు తప్ప ఏమీ ఉండవు.

"నవ్వమ్మా" అనకండి, పళ్లు బిగించి చూపిస్తుంది. "బ్రౌనీ తోక ఎటుందో చూడు" అంటే పాప చూపు కుక్క మీదికి వెళ్తుంది, అసలు నవ్వు అక్కడ వస్తుంది. కన్ను, ముక్కు చూపించమని మాత్రం అడగకండి, పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. తాకాలనుకుంటే అరచేత్తో వీపు మీద, బొచ్చు వాలిన వైపు నిమరడం నేర్పండి. మెడ కౌగలించుకోవడం, వీపెక్కడం, చెవి లాగడం, ముద్దు పెట్టడం కుదరవు. నెట్‌లో అలాంటి ఫొటోలు ఎన్నున్నా సరే.

తాయిలం పాప చేతిలో ఉండకూడదు, కుక్క మనిషి దగ్గరే ఉండాలి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన, ఎముక లేని కోడిమాంసం శనగగింజంత ముక్కలు పదిహేను చాలు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లిపాయ తగిలినవి కుక్కకి విషం. ముక్కని లెన్సు పక్కన చూపించి, చూపు కుదిరాక తీసి, వెంటనే పెట్టేయాలి. ఊరిస్తూ కూర్చుంటే లేచి మీదికి వస్తుంది. నోటితో చేసే కొత్త చప్పుడు రెండు మూడుసార్లే పనిచేస్తుంది, అంతా సిద్ధమయ్యాకే వాడండి.

మూడు నిమిషాలు తీసి, అయిదు నిమిషాలు వదిలేయండి. మొత్తం పావుగంట దాటకూడదు.

ఎప్పుడు ఆపాలి

కుక్క నిద్ర టైము కాకపోయినా ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాకడం, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి అతుక్కోవడం, ఒళ్లు బిగుసుకుని కదలకుండా ఉండిపోవడం. ఇందులో ఏది కనపడినా ముందు పాపని నెమ్మదిగా ఎత్తుకోండి, తర్వాత కుక్కని పిలవండి. చివరిది అన్నిటికంటే ప్రమాదం, కానీ ఫొటో తీసేవాళ్లకి "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనిపించేది కూడా అదే. గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. అది మాన్పిస్తే హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

పన్ను గాటు చిన్నదైనా, మీ కుక్కదే అయినా, సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి.

ఎంచడం, ప్రింటు

అరవై తీస్తే అయిదు మిగులుతాయి, అంతే చాలు. ముందు పాప కళ్లు మసకగా ఉన్నవి తీసేయండి. ఇద్దరూ కెమెరా వైపు చూసినవాటికంటే ఒకరినొకరు చూసుకున్నవీ, ఇద్దరూ కలిసి మూడో దాన్ని, అంటే గోడ మీద తొండనో వాకిట్లో కాకినో, చూసినవీ అట్టే పెట్టండి. గోడకి వేలాడదీస్తే నాలుగేళ్ల తర్వాత కూడా బాగుండేవి అవే.

స్టూడియోకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే సైజు కుదించుకుపోతుంది. 8 బై 12 అంగుళాల ప్రింటుకి 2400 బై 3600 పిక్సెల్స్ ఉంటే సరిపోతుంది. ఫోను ఫొటో 4:3లో ఉంటుంది, ప్రింటు కాగితం 3:2. అడ్డం ఫొటోలో పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు తెగిపోతుంది, కాబట్టి తీసేటప్పుడే కుక్క చెవుల పైనా పాప పాదాల కిందా కాస్త ఖాళీ వదలండి.