పాత టోపో షీటుతో వానల్లో మన్యం వెళ్తున్నారా?

తొలకరి పడగానే రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం నుంచి కుర్రాళ్లు బైకులేసుకుని మారేడుమిల్లి, పాపికొండల వైపు బయల్దేరతారు. అడవిలో సిగ్నల్ ఉండదని కొందరు పాత టోపో షీట్ల (కొండలు, వాగులు, బాటలు చూపే సర్వే మ్యాపుల) ప్రింట్లు వెంట తీసుకెళ్తున్నారు. మంచి అలవాటే. కాకపోతే అందులో ఉన్నది సర్వే జరిగిన నాటి అడవి.

అందుకే ముందు షీటు అంచున సర్వే సంవత్సరం చూడండి. అచ్చు వేసిన ఏడాది వేరే ఉంటుంది. నెట్‌లో ఉచితంగా దొరికే 1950ల నాటి అమెరికా సైన్యం మ్యాపులు 1:2,50,000 స్కేలువి. సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు! వాటిలో కాలిబాట వెతకొద్దు. మైలుకి అంగుళం షీటో, 1:50,000 షీటో ఉండాలి. పాపికొండలు, మారేడుమిల్లి షీటు నంబర్లలో 65 జి కిందికి వస్తాయి.

అసలు ప్రమాదం వాగులతోనే. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఏడాది పొడవునా నీరుండే చోటే నీలం రంగు వేస్తారు. ఎండిపోయే వాగుకి నల్ల గీత. ఆ నల్ల గీతే శ్రావణంలో బైకుని ఈడ్చుకుపోతుంది. మీ దారి ఎన్ని నల్ల గీతల్ని దాటుతుందో ఇంట్లోనే పెన్సిల్‌తో సున్నాలు చుట్టుకోండి. గోధుమరంగు కాంటూరు గీతలు ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతాయి; అవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అక్కడ వాలు బాగా ఎక్కువ. అలాంటి లోయలో అయితే, మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కురిసిన వాన క్షణాల్లో దిగొస్తుంది. మన కోనసీమ షీట్లలో కాంటూరు గీత కనబడటమే గగనం కాబట్టి ఈ లెక్క మనకి అలవాటు లేదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి, ఎంత ఆలస్యమైనా సరే.

గోదారి ఒడ్డు కూడా మారిపోయింది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అడుగుల్లో ఉన్న పాత షీటులో 150 కాంటూరు వెంట రంగు పెన్సిల్‌తో గీత గీయండి. దేవీపట్నం వైపు ఆ గీత లోపలున్న ఊళ్లనీ, బాటల్నీ నమ్ముకోవద్దు. వరదలకి చాలా ఊళ్లు ఇప్పటికే మునిగాయి, జనం వేరే చోటికి వెళ్లిపోయారు.

పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలని నేరుగా ఫోన్ జీపీఎస్‌లో కొట్టకండి. భూమి ఆకారాన్ని కొలిచే లెక్క రెండింటికీ వేరు: షీటుది పాత ఎవరెస్ట్ లెక్క, ఫోన్‌ది డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్క. ఇక్కడ తేడా రెండు వందల మీటర్ల దాకా వస్తుంది. పొగమంచులో అది లోయకి అవతలి గట్టు.

గని అనో, క్వారీ అనో రాసి ఉన్న చోటికి వానల్లో వెళ్లొద్దు. తుప్పలు కమ్మిన గుంత కనబడదు. పాపికొండ 2008 నుంచి నేషనల్ పార్కు, అటవీశాఖ అనుమతి తప్పనిసరి. దారి మీద అనుమానం వస్తే అక్కడి కొండరెడ్లని అడగండి. వాళ్లు వద్దంటే వెనక్కి తిరగండి.