కన్ఫ్యూషియస్‌ని చదవాలంటే పదకొండో అధ్యాయం నుంచి మొదలుపెట్టండి

ముందుగా, ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే సూక్తుల్ని పక్కన పెట్టండి. వాటిలో చాలావాటికి ఆయనతో సంబంధమే లేదు. నిజంగా ఆయన అన్నవైనా, ఎవరితో అన్నాడో తెలియకపోతే చప్పగా ఉంటాయి. నేను డిగ్రీ పిల్లలకి ప్రపంచ చరిత్ర చెప్తాను. చైనా పాఠం అయ్యాక "మేడమ్, ఆయన గురించి ఏం చదవాలి?" అని వెనకాలే వచ్చేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకం పేరు 'లున్ యూ'. ఇంగ్లీషులో అనలెక్ట్స్ అంటారు. 20 అధ్యాయాలు, సుమారు 500 చిన్న చిన్న ముక్కలు. కన్ఫ్యూషియస్ కూర్చుని రాసింది కాదు. ఆయన పోయాక శిష్యులూ, వాళ్ల శిష్యులూ కూర్చినది. అందుకే ఒక వరస అంటూ ఉండదు. నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి పట్టుకుంటే మూడో అధ్యాయంలో పూజలూ క్రతువులూ వచ్చేసరికి ఆవలింతలు మొదలవుతాయి. నేరుగా 11వ అధ్యాయం తెరవండి. అది శిష్యుల అధ్యాయం.

నోట్‌బుక్‌లో మూడు పేర్లు రాసుకోండి. జిలూ: ధైర్యస్తుడు, తొందర మనిషి, గురువునే ఎదిరించి మాట్లాడతాడు. జిగోంగ్: మాటకారి, వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. యెన్ హ్వే: సందు ఇంట్లో ఒక గిన్నెడు అన్నం, ఒక బుర్రెడు నీళ్లతో సంతోషంగా బతికినవాడు, గురువుకి ప్రాణం. చదువుతూ పోతుంటే ఎవరు ఏం అడిగారో ఆ పేరు కింద ఒక ముక్క రాసుకోండి. మిగతా శిష్యులకి తర్వాత చోటివ్వొచ్చు.

ఇలా ఎందుకంటున్నానో 11.22 (అంటే 11వ అధ్యాయం, 22వ ముక్క) చూస్తే తెలుస్తుంది. (కొన్ని ప్రతుల్లో ఈ అంకె ఒకటి అటూ ఇటూ అవుతుంది, కంగారు పడకండి.) మంచి మాట వింటే వెంటనే ఆచరణలో పెట్టాలా అని జిలూ అడుగుతాడు. "ఇంట్లో తండ్రీ అన్నలూ ఉండగా వెంటనే ఎలా చేసేస్తావు?" అంటాడు గురువు. రన్ యోవ్ అనే శిష్యుడు వచ్చి అదే ప్రశ్న వేస్తాడు. "విన్న వెంటనే చెయ్యి" అంటాడు. రెండూ విన్న ఇంకో శిష్యుడు తికమకపడి ఇదేంటని అడిగితే వచ్చిన జవాబు: రన్ యోవ్ వెనకాడే మనిషి కాబట్టి ముందుకి తోశాను, జిలూకి ఇద్దరి ఊపు ఉంది కాబట్టి వెనక్కి లాగాను. ఇందులో ఒక్క జవాబునే కత్తిరించి పోస్టర్ మీద వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి!

అదే అధ్యాయంలో యెన్ హ్వే చనిపోతాడు. "దేవుడు నన్ను నాశనం చేశాడు" అని కన్ఫ్యూషియస్ కుమిలిపోతాడు. మరీ ఇంతగా ఏడుస్తున్నారేంటని పక్కవాళ్లు అంటే, ఇతని కోసం కాకపోతే ఇంకెవరి కోసం ఏడవాలి అంటాడు. కానీ యెన్ హ్వే తండ్రి వచ్చి, మీ బండి అమ్మి మావాడి శవపేటికకి పై పెట్టె చేయించండి అని అడిగితే ఒప్పుకోడు. నా సొంత కొడుకు పోయినప్పుడే పై పెట్టె పెట్టలేదు, పెద్ద అధికారుల వెంట వెళ్లే హోదా నాది, కాలినడకన వెళ్లడం మర్యాద కాదు అంటాడు. మొదటిసారి చదివితే రాతిగుండెలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి, మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

ఆ ప్రశ్నార్థకంతోనే 12వ అధ్యాయానికి రండి. ఇక్కడ శిష్యులు ఒకరి తర్వాత ఒకరు 'రెన్' గురించి అడుగుతారు. రెన్ అంటే సాటి మనిషి పట్ల మనసు, మానవత్వం అనుకోండి. ఫన్ చికి "మనుషుల్ని ప్రేమించు" అంటాడు. జోంగ్‌గోంగ్‌కి "నీకు వద్దనుకున్నది ఇంకొకరికి చెయ్యకు" అని. యెన్ హ్వేకి "నిన్ను నువ్వు అదుపు చేసుకుని 'లీ'కి తిరిగి వెళ్లు" అని. లీ అంటే క్రతువు, మర్యాద, పద్ధతి. బండి దగ్గర గురువు వదలనిది ఇదే. అలాగని ప్రతి ఆచారాన్నీ పట్టుకు వేలాడాడనుకోకండి. 9.3లో జనపనార టోపీ బదులు పట్టు టోపీ పెట్టుకుంటే చవకే కదా, నేనూ అదే చేస్తానంటాడు. రాజుకి మెట్ల కింద నుంచి కాకుండా పైకెక్కి నమస్కరించడం మాత్రం పొగరు, లోకమంతా అలా చేసినా నేను చెయ్యనంటాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే లీ గురించి సగం సందేహాలు తీరతాయి.

తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి 13.18 మీద వాదించుకోండి. తండ్రి గొర్రెని దొంగిలిస్తే కొడుకు సాక్ష్యం చెప్పాడు, మా ఊళ్లో నిజాయితీ అంటే అదీ అని ఒక పాలకుడు గొప్పలు పోతాడు. మా దగ్గర తండ్రి కొడుకుని కాపాడతాడు, కొడుకు తండ్రిని కాపాడతాడు, నిజాయితీ అందులోనే ఉంది అంటాడు కన్ఫ్యూషియస్. మా క్లాసు ఈ ప్రశ్న మీద ఎప్పుడూ రెండుగా చీలుతుంది. నేను తీర్పు చెప్పను. 17వ అధ్యాయం చివర్లో ఆడవాళ్లనీ అల్పుల్నీ దగ్గరికి తీస్తే అలుసిస్తారు, దూరం పెడితే కక్ష పెట్టుకుంటారు అన్న మాట ఉంది. దాన్ని సర్దిచెప్పడానికి వ్యాఖ్యాతలు చాలా తంటాలు పడ్డారు. నేను మాత్రం పడను.

చరిత్ర తేదీలు ఇప్పుడు చూడండి, ముందు కాదు. ఆయన పుట్టింది క్రీ.పూ. 551లో, లూ రాజ్యంలో. ఇప్పటి షాన్‌దోంగ్ రాష్ట్రంలోని చూఫూ ప్రాంతం అది. మాట వినే రాజు కోసం ఏళ్ల తరబడి రాజ్యాలు తిరిగాడు, ఎవరూ పెద్ద పదవి ఇవ్వలేదు. క్రీ.పూ. 479లో పోయాడు. మూడు శతాబ్దాలు దాటాక హాన్ చక్రవర్తి వూ కాలంలో కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలకి రాజ్యం అండ దొరికింది. 12వ శతాబ్దంలో జూ షీ అనే పండితుడు 'నాలుగు పుస్తకాలు' అని ఒక వరస కట్టాడు, లున్ యూ అందులో ఒకటి. 1313 తర్వాత ప్రభుత్వ పరీక్షలకి అవే సిలబస్ అయ్యాయి. ఆ పరీక్షలు 1905లో రద్దయ్యే దాకా చైనాలో ఉద్యోగం కావాలన్న కుర్రాడు వీటిని బట్టీ పట్టాల్సిందే. మీ చేతిలోని అనువాదం జూ షీ వ్యాఖ్య ప్రకారం నడుస్తుందా, పాత వ్యాఖ్యల ప్రకారమా అన్నది ముందుమాటలో చూసుకోండి. కొన్ని చోట్ల అర్థమే మారిపోతుంది.

ఆ తర్వాత, కన్ఫ్యూషియస్ పోయాక వచ్చిన ఇద్దరు తత్వవేత్తల్ని చదవండి: మెన్షియస్, షున్‌జీ. మనిషి స్వభావం మంచిదని ఆయన, చెడ్డదని ఈయన. ఇద్దరూ కన్ఫ్యూషియస్ బాటే మాది అన్నవాళ్లే. క్రీ.పూ. 213లో పాత గ్రంథాలు తగలబెట్టమని చిన్ చక్రవర్తికి సలహా ఇచ్చిన మంత్రి లీ సూ, షున్‌జీ దగ్గర చదువుకున్నవాడే. అలాగని షున్‌జీని దాటెయ్యకండి. షున్‌జీ పుస్తకంలో మొదటి అధ్యాయం చదువు గురించే, అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.