ఒక్క ఫోన్‌తో ఇద్దరి చదువు

2020 మార్చిలో బడులు మూసేశాక మా గాజువాక ఇంట్లో గొడవంతా ఫోన్ గురించే. ఉన్నది ఒక్కటే, అదీ పొద్దున్నే మా ఆయనతో డ్యూటీకి వెళ్లిపోయేది. లైవ్ క్లాసుల ఆశ వదిలేశాను. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ని బడి పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే పాఠం వీడియో వస్తుంది. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా చూడొచ్చు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలిద్దరూ వంతులవారీగా చూసేవాళ్లు. ఉత్తినే చూస్తే బుర్రకెక్కదు, అందుకే మర్నాడు పుస్తకం మూసి నాకు చెప్పాలి. నాకు సైన్సు రాకపోవడమే మంచిదైంది, అడ్డంగా ప్రశ్నలేసేదాన్ని! పదో తరగతి పెద్దమ్మాయికి దూరదర్శన్ సప్తగిరి పాఠాలు కూడా కలిసొచ్చాయి. చిన్నోడికి భిన్నాలు బియ్యం కొలిచే గ్లాసుతోనే. రాసిన పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, టీచర్‌గారు తీరిక చూసుకుని వాయిస్ మెసేజ్‌లో తప్పులు చెప్పేవారు.