మంగమారిపేట నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంట నడవాలంటే

విశాఖలో రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె బస్సు ఎక్కి, తొట్లకొండ కింద మంగమారిపేటలో దిగండి. అక్కడి నుంచి భీమిలి సుమారు పది కిలోమీటర్లు. ఉత్తరం వైపు నడుస్తారు కాబట్టి సముద్రం కుడిచేతి పక్కనే ఉంటుంది, పొద్దుటి ఎండ కూడా అటు నుంచే పడుతుంది. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. తెల్లవారగానే బయల్దేరితే పది, పదకొండు గంటలకల్లా భీమిలిలో ఉంటారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాయుగుండం అన్న కబురు వినిపిస్తే మాత్రం ప్రయాణం మానుకోండి.

ముందురోజే పోటు, పాటు వేళలు చూసుకోండి. ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళలు రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. నీరు తగ్గడం మొదలయ్యాక దిగితే తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే పొడి ఇసుకలో నడవాలి, రెండు కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో నీరు బాగా పైకొస్తుంది, మళ్ళీ బాగా లోపలికి పోతుంది. మంగమారిపేట ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణాన్ని దగ్గరగా చూడాలంటే నీరు లోపలికి పోయిన ఆ గంటే సరైనది. తోరణం పైకి మాత్రం ఎక్కకండి. కింది రాళ్ళకు నాచు పట్టి ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఈ ఒడ్డు మత్స్యకారులు పనిచేసుకునే చోటు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మంగమారిపేటలోనైనా, చేపలుప్పాడలోనైనా ఒడ్డున వల పరిచి ఉంటే దాని మీంచి దాటకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి. నెత్తళ్ళు ఎండబోసిన చోటికి చెప్పులతో పోకండి. ఫొటో తీసే ముందు "అమ్మా, తీసుకోనా?" అని అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టేయండి.

అదృష్టం ఉంటే అలివి వల లాగడం చూస్తారు. పడవ ఒక తాడు కొస ఒడ్డున వదిలి, సముద్రంలో అర్ధచంద్రాకారంగా వల దింపుకుంటూ పోయి, రెండో కొసతో కాస్త దూరంలో ఒడ్డుకొస్తుంది. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని లాగుతాయి. అందరూ వెనక్కి వాలి, మడమలు ఇసుకలో తన్ని, అడుగు అడుగూ వెనక్కి వేస్తారు. చివరికి చేరినవాడు తాడు వదిలి, ముందుకెళ్ళి నీటి అంచున మళ్ళీ పట్టుకుంటాడు. వల దగ్గరయ్యేకొద్దీ రెండు జట్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. తాడు బిగిసి ఉన్నప్పుడు దాన్ని దాటాలని చూడకండి, జనం వెనకనుంచి మెట్ట వైపుగా వెళ్ళండి. "రండి బాబూ, ఓ సెయ్యెయ్యండి" అని పిలిస్తే మొహమాటపడకుండా తాడు పట్టండి. వలలో జెల్లీ ఫిష్ పడితే ముట్టుకోకండి, ఒళ్ళు మంటెక్కుతుంది.

ఆ లాగేవాళ్ళ కాళ్ళకు చెప్పులుండవు. అందుకే పిక్నిక్ వాళ్ళు ఇసుకలో పగలగొట్టి పోయిన సీసాలు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. మీ సంచిలో ఒక మందపాటి గోనె ముక్క పెట్టుకోండి. కనిపించిన గాజు పెంకులు అందులో వేసుకుని భీమిలిలో చెత్తబుట్టలో వేయండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఎండ కూడా విపరీతం, నడకకు పనికిరాదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. పొద్దున్నే ఇసుక మీద తెడ్డు వేసినట్టు జాడలు కనిపిస్తే వాటిని తొక్కకండి, గుంత తవ్వి చూడకండి.

చేపలుప్పాడ దాటాక సరుగుడు తోటలు, నేల మీద పాకే తీగలు, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వాన నీరు కోసిన గెడ్డల్లో, ఉన్న బాటలోనే నడవండి. గట్ల అంచులు ఎక్కితే మీ బరువుకే విరిగిపడతాయి, ఒకసారి పడింది మళ్ళీ నిలబడదు. ఈ దారిలో నౌకాదళం స్థలాలూ ఉన్నాయి. బోర్డు కనిపిస్తే వాదించకుండా ఒడ్డు వదిలి రోడ్డెక్కండి, అక్కడ ఫొటోలూ వద్దు.

ఎంత ఉక్కగా ఉన్నా దారిలో ఎక్కడా ఈతకు దిగకండి. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు. మోకాళ్ళ దాకా తడుపుకుంటే చాలు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నడక ఆపేయండి. అక్కడ ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి, లోతు తెలియదు, దాటే ప్రయత్నం చేయొద్దు. ఓపిక ఉంటే పాత డచ్చి సమాధులు చూడండి. చేపలు కొనాలనుకుంటే ఒడ్డునే, అమ్మే అక్కల దగ్గరే కొనండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి. బేరం మరీ గీచి గీచి ఆడకండి. పాలిథిన్ కవరు అడగకుండా మూతున్న డబ్బా మీరే తెచ్చుకుంటే, తిరుగు బస్సులో పక్క సీటువాళ్ళకు ఇబ్బంది ఉండదు.