కారు ఇంజిన్ అదనపు సెన్సార్ల రీడింగులను ఫోన్ యాప్‌లో చూడడం ఎలా?

ఎండాకాలంలో ఏసీ వేసుకుని నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలుకు వెళ్తున్నప్పుడు, డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడిని చూపే ముల్లు దాదాపు కదలకుండా మధ్యలోనే ఉంటుంది. కొన్ని కార్లలో ఆ ముల్లు కూడా లేదు. వేడి హద్దు దాటాక వెలిగే ఎర్ర లైటే దిక్కు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు, అంటే ఈసీయూకు, అసలు అంకె ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంటుంది. కూలెంట్ వేడి వంటి సాధారణ రీడింగులను ఏ ఓబీడీ యాప్ (ఈసీయూ సమాచారాన్ని చదివే యాప్) అయినా చూపుతుంది. గేరుబాక్సు ఆయిల్ వేడి, డీజిల్ కార్ల డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరులో, పేరుకున్న మసి వంటివి మాత్రం కంపెనీల సొంత కోడ్‌లలో ఉంటాయి కనుక, వాటిని మనమే యాప్‌కు చేర్చుకోవాలి.

ముందుగా స్టీరింగ్ కింది భాగంలో ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌ను వెతకండి. 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బీఎస్6 కార్లలో ఇది తప్పక ఉంటుంది. దానికి గుచ్చి రీడింగులను ఫోన్‌కు పంపే ఈఎల్ఎం327 రకం అడాప్టర్ కావాలి. మరీ చౌకగా దొరికే నకళ్లు సాధారణ రీడింగులు బాగానే చూపించి, అదనపు కోడ్‌ల దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తాయి కాబట్టి ఇక్కడ పొదుపు చూడకపోవడమే మంచిది. ఐఫోన్ ఉన్నవారు వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ అడాప్టర్ తీసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో మామూలు బ్లూటూత్ చాలు. పిన్ అడిగితే సాధారణంగా 1234 లేదా 0000 సరిపోతుంది.

అడాప్టర్ గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌ను జత చేయండి. ఆండ్రాయిడ్‌లో ఎక్కువమంది వాడే టార్క్ ప్రో యాప్‌ను ఉదాహరణగా తీసుకుంటే, సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ఎక్స్‌ట్రా పిడ్స్/సెన్సార్స్’ అనే చోటు ఉంటుంది. కొన్ని కంపెనీల కార్లకు అక్కడి మెనూలోనే సిద్ధంగా ఉన్న జాబితాలు దొరుకుతాయి. మీ కారు అందులో లేకపోతే కోడ్ (పిడ్ అంటే ఇదే), సూత్రం, యూనిట్, హెడర్ (ప్రశ్న ఏ కంప్యూటరుకు వెళ్లాలో చెప్పే చిరునామా) ఒక్కొక్కటిగా నింపాలి.

తెలియని కోడ్‌తో మొదలుపెట్టకుండా, జవాబు ముందే తెలిసిన కోడ్‌ను స్వయంగా చేర్చి చూడండి. కూలెంట్ వేడికి కోడ్ 0105, సూత్రం ఏ-40. యాప్‌లో ‘ఏ’ని ఆంగ్ల అక్షరంగానే టైపు చేయాలి. ఈసీయూ నుంచి ‘41 05 78’ అని జవాబు వస్తే, మొదటి రెండూ మన ప్రశ్నకు గుర్తులు, మూడోదే విలువ, అంటే సూత్రంలోని ఏ. అది 16 ఆధారంగా రాసిన అంకె కనుక 78 అంటే 120. అందులో 40 తీసేస్తే 80 డిగ్రీలు. విలువ రెండు బైట్లుగా, అంటే ఏ, బీ అనే రెండు జంట అంకెలుగా, వచ్చే లెక్కకు 0142 కోడ్‌తో ఈసీయూకు అందే వోల్టేజీని చూడవచ్చు. ‘41 42 37 14’లో ఏ 55, బీ 20 అవుతాయి, ఏని 256తో గుణించి, బీని కలిపి, 1000తో భాగిస్తే 14.1 వోల్టులు. మీరు చేర్చిన రీడింగు, యాప్‌లో ముందునుంచీ ఉన్న రీడింగు ఒకటే చూపితే మీ చేయి కుదిరినట్టే.

కంపెనీ సొంత కోడ్‌లు ఎక్కువగా 22తో, కొన్ని పాత కార్లలో 21తో మొదలవుతాయి. అవి మోడల్‌ను బట్టి, ఇంజిన్‌ను బట్టి మారుతాయి కాబట్టి, పెట్రోల్ కారు కోడ్ అదే పేరున్న డీజిల్ కారుకు పనికివస్తుందని అనుకోకూడదు. హెడర్ కూడా ముఖ్యమే: క్యాన్ పద్ధతి (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) వాడే చాలా కార్లలో ఇంజిన్‌కు 7ఈ0, ఆటోమేటిక్ గేరుబాక్సుకు 7ఈ1 ఉంటాయి. ‘నో డేటా’ అని వస్తే ముందుగా హెడర్‌నే అనుమానించండి. 04తో మొదలయ్యే ఆదేశం లోపాల కోడ్‌లను చెరిపేస్తుంది, 2ఈతో మొదలయ్యేది ఈసీయూలో విలువలను మార్చగలదు. ఈ రెండింటి జోలికి పోవద్దు.

అంకె కనబడగానే నమ్మేయడం పొరపాటు. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో తెల్లవారుజామున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి చూస్తే కూలెంట్, లోపలికి పీల్చే గాలి, గేరుబాక్సు ఆయిల్ మూడూ దాదాపు బయటి వేడినే చూపాలి. బయట 30 ఉన్నప్పుడు మొదటి రెండూ ఆ దగ్గరలో ఉండి, గేరుబాక్సు మాత్రం -40 లేదా 215 చూపితే అది వేడి కాదు. ఏ-40 సూత్రంలో ఏ విలువ 0 లేదా 255గా పడిందని అర్థం. అలాంటప్పుడు కోడ్‌నో, బైటు స్థానాన్నో సరిచూసుకోవాలి.

ఈ పరీక్ష నెగ్గాకే రోడ్డెక్కండి. తెరమీద నాలుగైదు రీడింగులకు మించి పెట్టకండి. ఎన్ని ఎక్కువైతే ఒక్కొక్కటి అంత ఆలస్యంగా మారుతుంది. హైవే మీద తెరను పక్క సీటులోని మనిషే చూడాలి. ఒంటరిగా వెళ్తుంటే లాగింగ్ (రీడింగులను ఫోన్‌లో నమోదు చేసే సదుపాయం) ఆన్ చేసి, టంగుటూరు టోల్‌గేటు దాటాక ఎక్కడైనా ఆపి తీరిగ్గా చూసుకోవచ్చు. చాలా కార్లలో కూలెంట్ 85 నుంచి 105 డిగ్రీల మధ్య తిరుగుతుంది. ఒక్క క్షణం పెరిగి, ఫ్యాన్ తిరగగానే తగ్గితే భయం లేదు. ఫ్యాన్ తిరుగుతున్నా ఎక్కుతూనే పోతే ఏసీ కట్టేసి, బండి పక్కకు ఆపి, ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కారును కొన్ని రోజులు కదపకుండా ఉంచేటప్పుడు అడాప్టర్‌ను తీసేయండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నా అది బ్యాటరీని కొద్దికొద్దిగా వాడుకుంటూనే ఉంటుంది.